పందొమ్మిదేళ్ల పెద్ద

ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో సాల్తివ్కా అనే పేటలో మేము అద్దెకున్న తొమ్మిదంతస్తుల భవనం గుమ్మం ముందు ఒక చెక్క బల్ల ఉండేది. మంచు కురిసే రోజులు తప్ప మిగతా కాలమంతా దాని మీద ముగ్గురో నలుగురో ముసలమ్మలు కూర్చుని, లోపలికి వెళ్లేవాళ్లనూ బయటికి వచ్చేవాళ్లనూ లెక్క చూస్తూ ఉండేవారు. 2011 అక్టోబరులో నేను ఆ ఇంటికి చేరిన రెండో రోజునే వాళ్లలో ఒకామె నన్ను ఆపి, కళ్లజోడు సవరించుకుని, నా కోటు మీదున్న నల్ల బిళ్లను కూడబలుక్కుని చదివి, పక్కవాళ్లకు కూడా వినిపించేలా నవ్వింది. ఆ బిళ్ల మీద నా ఇంటిపేరుకు ముందు 'స్తరేయ్షినా' అని ఉంది. రష్యన్‌లో ఆ మాటకు కులపెద్ద, ఊరిపెద్ద అని అర్థం. ఆ మాట వింటే ఎవరికైనా తెల్లగడ్డమూ చేతికర్రా ఉన్న మనిషే కళ్లముందు మెదులుతాడు. నాకు అప్పటికి పందొమ్మిదేళ్లు నిండి నాలుగు నెలలే అయింది, మీసమైనా సరిగా రాలేదు. "నువ్వు పెద్దవైతే మరి నేనెవర్ని నాయనా?" అని ఆమె అడిగినట్టు ఆ సాయంత్రం నా జతగాడు విడమరిచి చెప్పేదాకా నాకు తెలియలేదు.

మాది రాజమండ్రి. మా ఇంటిల్లిపాదీ యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినవాళ్లం. మోర్మన్లు అంటే బయటివాళ్లకు తొందరగా అర్థమవుతుంది. తెలుగునాట ఈ సంఘం చాలా చిన్నది. 1978 డిసెంబరులో సమోవా నుంచి హైదరాబాదు వచ్చిన ధర్మరాజు దంపతులు తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మమిచ్చారని, మన ప్రాంతంలో కథ అక్కడి నుంచి ఊపందుకుందని మా పెద్దలు చెప్పుకొనేవారు. మా సంఘంలో మగపిల్లలు ఆ రోజుల్లో పందొమ్మిదేళ్లు రాగానే రెండేళ్లపాటు సువార్త చెప్పే సేవకు వెళ్లేవారు; నా బిళ్ల మీద 'పెద్ద' అన్న మాట ఆ సేవ వల్ల వచ్చిందే. 2012 అక్టోబరులో ఆ వయసును పద్దెనిమిదికి తగ్గించారు. ఎక్కడికి వెళ్లాలన్నది మన చేతుల్లో ఉండదు, పైనుంచి ఉత్తరం వస్తుంది. దాన్ని 'పిలుపు' అంటారు. బెంగళూరో ఢిల్లీయో అనుకుంటూ మేమంతా చుట్టూ చేరి ఆ కవరు చింపితే, లోపల ఉక్రెయిన్ అనీ, భాష రష్యన్ అనీ ఉంది. మా నాన్న గారు నా పాత స్కూలు అట్లాసు తీసి, వేలితో నల్లసముద్రం దాకా వెళ్లి అక్కడ ఆగారు.

అమెరికాలోని ప్రోవో అనే ఊళ్లో రెండు నెలలకు పైగా రష్యన్ నేర్పారు. నాతోపాటు నేర్చుకున్న అమెరికా కుర్రాళ్లకు ఆ భాషలోని విభక్తులు పెద్ద గండంగా ఉండేవి; నామవాచకం తోక మారడమేమిటో వాళ్లకు ఒక పట్టాన మింగుడుపడేది కాదు. నాకు మాత్రం డు-ము-వు-లు బెత్తంతో నేర్పిన తెలుగు మాస్టారు రోజూ గుర్తొచ్చేవారు. చేతన్ చేడన్ తోడన్ తోన్ దగ్గర రష్యన్‌వాళ్లు ఏ ప్రత్యయం పెడతారో పట్టిక వేసుకుంటే సగం పని అయిపోయేది. పట్టికలో ఒక గడి మాత్రం ఖాళీగా మిగిలిపోయింది. ఓ, ఓరీ, ఓయీ, ఓసీ అని మనం వల్లించే సంబోధన ప్రథమ రష్యన్‌లో లేదు. ఒకప్పుడు ఉండేదట, తర్వాత పోయింది, దేవుడి దగ్గర మాత్రమే మిగిలింది. బోగ్ అంటే దేవుడు, పిలిస్తే బోజె. గస్పోద్ అంటే ప్రభువు, పిలిస్తే గోస్పది. సోవియట్ కాలంలో పెరిగి, దేవుడు లేడని బల్లగుద్ది చెప్పే మా ఎదురింటి ఇంజనీరు కూడా, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు "బోజె మోయ్!" అని అచ్చమైన సంబోధనలోనే కేక పెట్టేవాడు.

ఖార్కివ్ రష్యన్ మాట్లాడే ఉక్రెయిన్ నగరం. మెట్రో స్టేషన్లలో బోర్డులన్నీ ఉక్రేనియన్‌లో ఉండేవి, వాటి కింద నిలబడిన జనం మాటలన్నీ రష్యన్‌లో ఉండేవి, పల్లెల నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునే ఆడవాళ్లు రెండూ కలిపి కొట్టేవారు. ఆ కలగలుపు భాషను సుర్జిక్ అంటారు. నాసిరకపు పిండి కలగలుపుకు ఉన్న పేరే దానికి పెట్టారు. నాకు నేర్పింది రష్యన్ ఒక్కటే కాబట్టి మొదటి ఆరు నెలలూ బోర్డులు చదివి తప్పు స్టేషన్లో దిగడం, కూరగాయలమ్మి చెప్పిన ధర తలూపి తప్పు నోటివ్వడం మామూలైపోయింది.

మా దినచర్య గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆరున్నరకు లేవడం, పది దాకా లేఖనాలూ భాషా చదువుకోవడం, తర్వాత వీధిన పడటం, రాత్రి తొమ్మిదికి గూటికి చేరడం. ఇద్దరం ఎప్పుడూ కలిసే ఉండాలి, ఒకరిని విడిచి ఒకరు వీధి దాటకూడదు. ఆరేసి వారాలకు ఒకసారి ఊళ్లూ జతగాళ్లూ మారవచ్చు. నాకు ఎక్కువ కాలం తోడున్నవాడు అమెరికాలోని ఐడహో నుంచి వచ్చిన రైతుబిడ్డ. బంగాళాదుంపల గురించి అతనికీ ఉక్రెయిన్ ముసలమ్మలకూ కుదిరినంత మాట నాకు ఎవరితోనూ కుదరలేదు. తలుపులు తట్టినప్పుడు మాకు ఎక్కువగా వినబడిన జవాబు "మా మతం మాకుంది" అన్నది. దానిలో కోపమేమీ ఉండదు, ఇంట్లో కూర ఉంది వద్దమ్మా అని కూరగాయల బండివాడికి చెప్పినట్టు ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు ఉచితంగా ఇంగ్లీషు నేర్పే తరగతి పెట్టేవాళ్లం. తలుపు తీయనివాళ్లు కూడా దానికి వచ్చి, ముందు వరసలో కూర్చుని, దేవుడి ప్రస్తావన రాగానే మర్యాదగా గడియారం చూసుకునేవారు.

అక్కడ ప్రయాణమంటే మర్ష్రూత్కా. మన షేర్ ఆటోకు అన్న లాంటి పసుపుపచ్చ చిన్న బస్సు. వెనక తలుపు దగ్గర ఎక్కినవాడు డబ్బును ముందువాడి భుజం తట్టి ఇస్తాడు, అది చేతులు మారుతూ డ్రైవరును చేరుతుంది, చిల్లర అదే దారిన పది చేతుల మీదుగా వెనక్కి వస్తుంది. రెండేళ్లలో నా చిల్లర ఒక్కసారి కూడా దారి తప్పలేదు. మొహంలో నవ్వన్నది కనబడని ఆ జనాన్ని నేను నమ్మడం మొదలుపెట్టింది ఆ చిల్లర వల్లనే.

మొదటి శీతాకాలమే, 2012 ఫిబ్రవరిలో, చలి మైనస్ ఇరవై దాటింది. అమ్మ కట్టి పంపిన కొబ్బరినూనె సీసా అప్పటికి నెలల తరబడి రాయిలా ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని గది వేడిచేసే ఇనుప గొట్టాల మీద పెట్టి, కరిగినంత మేరకు తలకు రాసుకునేవాణ్ణి. ఆ వాసనకు గది కొంతసేపు రాజమండ్రి అయ్యేది.

వీధిలో నన్ను పిలిచే పేరు మరొకటి ఉండేది, ఇందూస్. భారతీయుణ్ణి వాడుకలో అక్కడ అలాగే అంటారు; అదే మాటకు హిందువు అన్న అర్థం కూడా ఉంది. అందుచేత నేను క్రీస్తు గురించి నోరు తెరవగానే ఎదుటివాళ్లకు తికమకగా ఉండేది. "ఇందూస్‌వి కదా, నువ్వు మాకు యేసును చెప్పడమేమిటి?" అని ఒక బస్సు డ్రైవరు నిజంగానే బండి ఆపి అడిగాడు. రాజ్ కపూర్ ఎలా ఉన్నాడని అడిగినవాళ్లూ, మిథున్ చక్రవర్తిలా ఒకసారి నాట్యం చెయ్యమన్నవాళ్లూ లెక్కలేనంతమంది. రాజ్ కపూర్ పోయి ఇరవై ఏళ్లు దాటిందని చెబితే ఒక పెద్దావిడ అక్కడికక్కడే కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఎవరడిగినా బాగున్నాడనే చెప్పేవాణ్ణి. సేవలో ఉన్నవాడు అబద్ధమాడకూడదు, అయినా చెప్పేవాణ్ణి.

బల్ల మీద నవ్విన ఆ ముసలమ్మది అయిదో అంతస్తు. అక్కడ మామ్మను 'బాబా' అంటారు. మన చెవికి ఆ మాటలో షిర్డీ వినబడుతుంది గాని, నెల తిరిగేసరికి నాకు అదే అలవాటైంది. ఆమె పోల్తావా ప్రాంతపు పల్లెలో 1928లో పుట్టి, యుద్ధం తర్వాత ఖార్కివ్ వచ్చి, ట్రాక్టర్ కర్మాగారంలో పనిచేసి పింఛను పుచ్చుకుంది. కర్మాగారంలో రష్యన్, వంటింట్లో ఉక్రేనియన్. మొదటిసారి మేము సంచులు మోసి ఇంటి దాకా వెళ్లినప్పుడు టీ పెడతానంది. మా సంఘంలో టీ, కాఫీ తాగరు. వద్దన్నందుకు ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. సోవియట్ రోజుల్లో ఏనుగు బొమ్మున్న పసుపు పొట్లంలో భారతదేశపు టీ వచ్చేదట, దొరకడమే గగనమట. "మీ ఏనుగు కోసం నేను ఎన్నేళ్లు వరసలో నిలబడ్డానో తెలుసా? ఇప్పుడు ఏనుగుల దేశంవాడు మా ఇంటికొచ్చి టీ వద్దంటాడా!" అంది. చివరికి ఎండు ఆపిల్ ముక్కలు ఉడికించిన కొంపోత్ దగ్గర రాజీ కుదిరింది. గుమ్మంలో నిలబడి చెయ్యి కలపబోతే లోపలికి లాగి మరీ కలిపింది. గడప మీద ఇచ్చిపుచ్చుకోవడాలు కూడదన్న సంగతి నాకు కొత్త కాదు గనక, మా ఇంట్లో కూడా అంతేనని చెప్పాను. నేను మనుషుల్లో పడ్డవాణ్ణని ఆమె అప్పటి నుంచి ఒప్పుకుంది.

ఆ వేసవిలో ఒక మంగళవారం ఆమె మమ్మల్ని భోజనానికి పిలిచింది. "నెదీల్యు రండి" అంది. రష్యన్‌లో నెదేల్యా అంటే వారం. వారం తర్వాత రమ్మంటోందని మేమిద్దరం తలలూపి, తర్వాతి మంగళవారానికి చిన్న పుస్తకంలో రాసుకున్నాం. ఆ మంగళవారం చేతిలో బంతిపూలతో, అవీ లెక్కపెట్టి బేసి సంఖ్యలో (సరి సంఖ్య పూలు చావుకు ఇస్తారు), తలుపు తట్టాం. ఆమె తలుపు తీసి, మమ్మల్నీ పూలనూ చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి నడిచింది. మంచి గిన్నెలూ ఎర్రదారపు అల్లికల బల్లగుడ్డా మడిచి పక్కన పెట్టి ఉన్నాయి. విషయం నెమ్మదిగా బయటపడింది. ఉక్రేనియన్‌లో నెదీల్యా అంటే ఆదివారం. ఆమె ఆదివారం పొద్దున్న లేచి పిండి కలిపి, చెర్రీ పళ్ల గింజలు ఒక్కొక్కటీ తీసి, నూటికి పైగా వరేనికి చేసి, చీకటి పడేదాకా కిటికీ దగ్గర కూర్చుందట. వరేనికి అంటే రూపంలో మన కజ్జికాయలే. వేయించరు, నీళ్లలో ఉడికిస్తారు.

నాకు క్షమాపణ అడగడానికి రష్యన్‌లో తెలిసిన మాటలన్నీ అయిపోయాయి. ఆమె మిగిలిన వరేనికి పెనం మీద వెన్నతో ఎర్రగా కాల్చి, పక్కన పుల్లని మీగడ వేసి మా ముందు పెట్టింది. తర్వాత నా చిన్న పుస్తకం లాక్కుని, అందులో పెద్ద అక్షరాలతో 'నె' అనీ, కొంచెం ఎడం వదిలి 'దీలా' అనీ రాసింది. పని చెయ్యనిది, అందుకే నెదీల్యా. పనిలేని రోజు పేరు రష్యన్‌వాళ్ల దగ్గర వారమంతటికీ పాకిందనీ, ఆదివారానికి వాళ్లు పునరుత్థానమన్న పేరు పెట్టుకున్నారనీ ఆమె చెబుతుంటే, సువార్త చెప్పడానికి వెళ్లినవాణ్ణి నోరు తెరుచుకుని విన్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ పుటలో చెర్రీ మరక గోధుమరంగుకు తిరిగింది.

ఆ రోజే మరొకటి చూశాను. భోజనమయ్యాక ఆమె రొట్టె కోసిన పలక మీది నలుసులను కుడి అరచేతి అంచుతో ఎడమ అరచేతిలోకి ఊడ్చుకుని, తల వెనక్కి వాల్చి నోట్లో వేసుకుంది. ఆమె అలా చెయ్యని పూట నేను చూడలేదు. మా నాయనమ్మ కంచం చుట్టూ పడ్డ మెతుకులు ఏరుకునేది, అలాంటిదే అనుకుని ఆ మాట చెప్పాను. ఆమె చాలాసేపటికి, "ముప్ఫై మూడులో నాకు అయిదేళ్లు" అంది. 1932-33లో స్టాలిన్ ప్రభుత్వం పల్లెల నుంచి ధాన్యం ఊడ్చుకుపోయినప్పుడు ఉక్రెయిన్‌లో లక్షలకు లక్షలు ఆకలితో చనిపోయారనీ, ఖార్కివ్, పోల్తావా, కీవ్ ప్రాంతాలకు తగిలిన దెబ్బ మరీ పెద్దదనీ నేను తర్వాత చదువుకున్నాను. ఆమె చెప్పింది మాత్రం ఒకటే, ఆ వసంతంలో వాళ్ల వీధిలో కుక్క మొరగలేదని. ఏటా నవంబరు నాలుగో శనివారం సాయంత్రం ఆమె కిటికీలో ఒక కొవ్వొత్తి వెలిగేది. ఎదుటి భవనాల్లో కూడా అక్కడొకటి అక్కడొకటి వెలిగేవి.

ఆమె మా సంఘంలో చేరలేదు. పుట్టినప్పుడు వాళ్ల అమ్మమ్మ దొంగచాటుగా పూజారి చేత బాప్తిస్మం ఇప్పించిందట, ఒక మనిషికి ఒకటి చాలునట. ఆమె నన్ను స్తరేయ్షినా అని పిలవడం నవ్వడానికే తప్ప నిజానికెప్పుడూ పిలవలేదు. 'సింకు' అనేది. సినోక్ అంటే చిన్ని కొడుకు, పిలిచేటప్పుడు సింకు. రష్యన్ పట్టికలో నాకు ఖాళీగా మిగిలిన గడి ఉక్రేనియన్‌లో నిండుగా ఉంది. అక్కడ దేవుణ్ణే కాదు, అమ్మనూ స్నేహితుణ్ణీ పక్కింటివాణ్ణీ పిలిచినా పేరు చివర తిరుగుతుంది. కొడకా, అమ్మా, రామా అని మనం సాగదీసినట్టే.

తెలుగు విని ఏడు నెలలైన తర్వాత ఒక సోమవారం బరబషోవా బజారులో కూరగాయలు కొంటున్నాం. అప్పట్లో ఐరోపాలోని పెద్ద బజార్లలో అదొకటి, అందులో వియత్నాంవాళ్లూ ఆఫ్రికావాళ్లూ అంగళ్లు పెట్టుకుని ఉండేవారు. వెనక నుంచి "ఒరేయ్ ఆగరా, బేరం ఆడనీ" అని వినబడింది. ఖార్కివ్‌లో వైద్యం చదువుకునే భారతీయులు వేలల్లో ఉండేవారని తెలుసు గాని, ఆ మాట చెవిన పడేసరికి కాళ్లు ఆడలేదు. గుంటూరు నుంచి ఒకడు, ఖమ్మం నుంచి ఇద్దరు. నా కోటూ టై చూసి మొదట "అన్నా, మీరు తెలుగా?" అన్నారు. వాళ్లకంటే నేనే చిన్నవాణ్ణని తేలాక పది నిమిషాల్లో ఒరేయ్‌లోకి దిగారు. వాళ్ల హాస్టలు వంటగదిలో పప్పు, ఆవకాయ, వేడి అన్నం పెట్టారు. నా ఐడహో జతగాడు ఆవకాయను జామ్ అనుకుని చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా మర్యాద తప్పకుండా చివరిదాకా నమిలాడు. తర్వాత ప్రతి నెలా వాళ్ల దగ్గరికి ఎప్పుడు వెళదామని అడిగింది అతనే.

ఆ రోజుల్లో ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మాతృదినానికీ. వారానికొక ఈమెయిలు రాయనిచ్చేవారు, అమ్మకు అది ఆనేది కాదు. మొదటి క్రిస్మస్‌కు "అన్నం తిన్నావా నాన్నా?" అని అమ్మ అడిగితే, అలవాటు కొద్దీ "దా" అన్నాను. రష్యన్‌లో దా అంటే అవును. అవతల కాసేపు చప్పుడు లేదు. "ఎక్కడికి రమ్మంటావు రా?" అని అమ్మ గొంతు జీరపోయింది. మా అక్క ఆ సంగతి ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంది.

2013 అక్టోబరులో బయలుదేరే రోజున పెట్టెలు గుమ్మం దగ్గర పెట్టాక, ఆ మామ్మ అయిదో అంతస్తు నుంచి దిగి వచ్చి అందరినీ కూర్చోమంది. దూర ప్రయాణానికి ముందు ఒక నిమిషం నోరు మెదపకుండా కూర్చోవాలి. మా ఇంగ్లీషు తరగతికి వచ్చే పదహారేళ్ల కుర్రాడొకడు సాగనంపడానికి వచ్చాడు. కుర్చీలు చాలక నేనూ వాడూ పెట్టెల మీదే కూర్చున్నాం. మామ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూసింది. తర్వాత మోకాళ్లు తట్టుకుని లేచి, "సరే, దేవుడున్నాడు" అంది. లెక్క అడిగేవాళ్లుంటారు గనక చెబుతున్నాను, రెండేళ్లలో నా చేతుల మీదుగా బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లు ముగ్గురు.

మామ్మ 2016లో కాలం చేసిందని ఆ కుర్రాడే రాశాడు. వాడు రష్యన్‌లో రాసేవాడు. వాడి ఇంట్లో మూడు తరాలుగా అదే భాష. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. మార్చి 1న నేను హైదరాబాదులో టీవీ ముందు కూర్చుని ఖార్కివ్ స్వేచ్ఛా కూడలిలో ప్రభుత్వ భవనం మీద క్షిపణి పడటం చూశాను. అదే రోజు తిండి కోసం వరసలో నిలబడ్డ కర్ణాటక విద్యార్థి ఒకడు చనిపోయాడు. మర్నాడు మన రాయబార కార్యాలయం, బండి దొరకనివాళ్లు నడిచైనా సరే సాయంత్రానికల్లా పిసోచిన్, బబాయి, బెజ్ల్యుదివ్కా చేరుకోవాలని ప్రకటించింది. మూడూ నాకు తెలిసిన పేర్లే. బెజ్ల్యుదివ్కా పేరులోనే మనుషులు లేని చోటన్న మాట ఉంది.

వారం పాటు వాడి దగ్గర నుంచి కబురు లేదు. మెట్రో రైళ్లు ఆగిపోయి, జనం స్టేషన్లలో పరుపులు వేసుకుని బతుకుతున్నారు. ఎనిమిదో రోజున నాలుగు పంక్తులు వచ్చాయి. అమ్మతో కలిసి స్టేషన్లో ఉన్నానని, మా పాత భవనానికి కిటికీలు మిగల్లేదని, బల్ల మాత్రం ఉందని రాశాడు. చదువుతూ ఏదో తేడాగా ఉందనుకున్నాను గాని, రెండోసారి మొదటి నుంచి చదివితే తెలిసింది, రాసింది ఉక్రేనియన్‌లో. మొదటి మాట 'ద్రూజె'. ద్రూగ్ అంటే స్నేహితుడు, పిలిస్తే ద్రూజె.

నాకు ఉక్రేనియన్ రాయడం రాదు. మామ్మ వంటింట్లో విన్నది తప్ప మాట్లాడటమూ అంతంతమాత్రమే. ఆ రాత్రి వ్యాకరణం పట్టిక వెతికి తీసి, వాడి పేరు చివర ఏ అక్షరం చేరాలో చూసి, కాగితం మీద రెండుసార్లు రాసుకుని, జవాబు అక్కడి నుంచి మొదలుపెట్టాను.